గోడ మీద సుద్ద తేదీ

ఈ ఉదయం గేటు దగ్గర ఆరోగ్య కార్యకర్త "మీద నీళ్లు గిట్ల నిల్వ ఉన్నయా?" అని అడగ్గానే, ఇంట్లో ఎవరూ బదులివ్వకముందే నేను డాబా మెట్లెక్కాను. కుండీల కింది పళ్లేలు నిన్ననే ఎండబెట్టాను. అయినా ఒక్కొక్కటీ తిరగేసి చూశాను.

మూడేళ్ల కింద నేను కొత్వాల్‌గూడ వైపు మా పెద్దమ్మ ఇంట్లో ఉండేదాన్ని. పై గదిలో ఒక అక్క కిరాయికి ఉండేది. ఎయిర్‌పోర్టులో ఊడ్చి తుడిచే పని. ఆమె బిడ్డకు ఆరేళ్లు. తల్లి డ్యూటీకి పోతే నా దగ్గర కథలు వినేది. మధ్యలో విమానం వస్తే చెవులు మూసుకొని, "ఆగు అక్కా, గా ఇమానం పోనీ" అని కథను ఆపేది.

ఆ వానాకాలం ప్రతి శుక్రవారం ఒక ఆశా కార్యకర్త వచ్చి, నీళ్లు నిలిచే చోట్లన్నీ చూసి, వాకిలి పక్కన గోడ మీద సుద్దతో తేదీ వేసి వెళ్లేది. పెద్దమ్మకు ఆ తేదీ అంటే మహా గురి. గుమ్మానికి కట్టిన గుమ్మడికాయతో సమానంగా చూసుకునేది. సున్నం వేయించినప్పుడు అంతమేర గోడను వదిలేయించింది. జల్లు కొట్టి చెరిగిపోతే తనే సుద్దముక్క తెచ్చి పాత తేదీనే మళ్లీ దిద్దింది.

ఒక శుక్రవారం కార్యకర్త వచ్చేసరికి పెద్దమ్మ మెట్లకు అడ్డంగా కూర్చొని బియ్యం చెరుగుతోంది.

"జర జరుగమ్మా, మీదికి పోయి సూసొస్త."

"మొన్ననే రాసిపోతివి గద బిడ్డా! వారం వారం సూసుడేంది, పెండ్లిసూపులా?"

ఆమె నవ్వి నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పు చెల్లె, మీద నీళ్లున్నయా?"

ఉన్నాయి. ఎండాకాలం పోయాక డాబా మీదే వదిలేసిన కూలర్‌లో, కప్పిన పాతచీర కింద, జానెడు నీళ్లు. ఆ పొద్దున బట్టలారేస్తూ చీర కొస ఎత్తి చూశాను. తలకిందులుగా వేలాడుతున్న సన్నటి పురుగులు నా నీడ పడగానే మెలికలు తిరుగుతూ అడుక్కి దిగాయి. కిందికొచ్చి డైరీలో అంతా రాసుకున్నాను. వాక్యం బాగా కుదిరిందని సంతోషపడ్డాను కూడా. కానీ పరాయి మనిషి ముందు పెద్దమ్మ మాట కొట్టేయడం నాకు చేతకాలేదు. లేవన్నట్టు తల ఊపాను. గోడ మీద కొత్త తేదీ పడింది.

రెండు వారాలు తిరగకుండానే బిడ్డకు జ్వరం వచ్చింది. నాలుగో రోజుకు ఒళ్లు చల్లబడింది, హమ్మయ్య అనుకున్నాం. ఆ మధ్యాహ్నమే కడుపునొప్పి, ఆగని వాంతులు. దవాఖానలో డెంగీ అన్నారు. "నా బిడ్డ కండ్లు తెరుస్తలేదు చెల్లె" అని అక్క ఫోన్లో ఏడ్చింది. ఫోన్ పెట్టేసి డాబా మీదికి వెళ్లి కూలర్ కుమ్మరించాను. లోపలి గోడలు గోళ్లు నొప్పి పుట్టేదాకా రుద్ది కడిగాను.

బిడ్డ బతికింది. ఇంటికొచ్చిన రోజు మెట్లెక్కలేక నా ఒళ్లో కూర్చుంది. అసలు బరువే లేదు. అక్క నా చేతులు పట్టుకొని, "నీ అసుంటి మనిషి ఇంట్ల ఉంటే నాకేం రంది?" అంది. నెల తిరక్కుండా వాళ్లు షాద్‌నగర్ వెళ్లిపోయారు.

డెంగీ రెండోసారి వస్తే ఇంకా ప్రమాదమని డాక్టరు చెప్పాడట. వాన మొదలైన ప్రతిసారీ అక్కకు ఫోన్ చేస్తాను. పాప బాగుందని చెబుతుంది. నేను సరే అని పెట్టేస్తాను. ఆ నీళ్లు పారబోయడానికి పావుగంట పట్టింది. ఉన్నాయని చెప్పడానికి మూడేళ్లు చాలలేదు.