గూన కప్పు మీద నేను

ఉడుత వీపు మీద రాముడి వేళ్ల గుర్తులున్నాయని నాకెవరూ చెప్పొద్దు. రాముడు నిమిరాడేమో గానీ, ఆయన ఇంటి కప్పులో అది పీచు కుక్కి ఉండదు.

తొంభైల మొదట్లో నేను కోడలిగా వచ్చిన రావల్కోల్ ఊరి ఇల్లు గూన పెంకులది, సగం గొట్టంలా వంపు తిరిగినవి. వంట మా అత్త రుచికి, పూజ మా అత్త పద్ధతికి, పొలం పని ఆమె చెప్పిన వేళకు. నాకంటూ దక్కింది ఆ ఇంటి కప్పు ఒక్కటే. ఏటా రోహిణి ఎండల్లో పెంకులు సర్దడానికి ఒక ముసలాయన వచ్చేవాడు. కింద నుంచి పెంకులు అందిస్తూ ఆయన దగ్గర పని నేర్చుకున్నాను. వెల్లకిలా పెట్టిన గూనకు ఎంత వాలుండాలో, దాని మీద బోర్లించే గూన ఎంత కప్పాలో ఆయన చెబుతుంటే నా చేతులకు తెలిసిపోయేది. ఆయన మోకాళ్లు మొరాయించిన ఏడాది కొంగు బిగించి నేనే నిచ్చెన ఎక్కాను.

అత్త వాకిట్లో నిలబడి అరిచింది. "ఆడోళ్లు ఇల్లెక్కుడేందే? ఇల్లు మాది, ఇజ్జత్ మాది. జల్దీ దిగు!"

దిగాను, పెంకులన్నీ సర్దిన తర్వాత.

ఉడుతలు మాత్రం నా పనిని నిలవనిచ్చేవి కావు. కొబ్బరి పీచు, పాత చీరల పేలికలు, పత్తి, ఏది దొరికితే అది లాక్కొచ్చి గూనల్లో కుక్కేవి. వాటికి తోడు పిచ్చుకలు గడ్డి పరిచేవి. నీళ్లు పారే దారి మూసుకుపోతే వాన పక్కకు పొర్లి ఇంట్లోకి దిగుతుంది. ఒక శ్రావణంలో సరిగ్గా అత్త మంచం మీదికే దిగింది. మేడ్చల్లో ఫ్యాక్టరీ పని చూసుకుని వచ్చిన మా ఆయన తడిసిన బొంత చూశాడు.

"ఇగ స్లాబేద్దాం. ఊరంత ఏసుకుంటాంది. గీ గూనలతోని ఎన్నేండ్లు పరేషాన్ కావాలె?"

ఎండాకాలం మధ్యాహ్నాలు స్లాబు ఇళ్లవాళ్లు మా అరుగు మీదికొచ్చి సేదతీరేవాళ్లు, ఆ చల్లదనం పోతుందని నాకు కొంత బాధ. అసలు బాధ వేరే. కప్పు పోతే ఆ ఇంట్లో ఇది నాది అని చూపించుకోవడానికి ఏమీ మిగలదు.

"వచ్చే వానకాలం ఒక్క సుక్క కారనియ్య. కారితే స్లాబే ఏద్దాం," అన్నాను. ఆయన నవ్వాడు. ఆ నవ్వుకు నా ఒళ్లు మండింది.

ఎండలు ముదరగానే పని మొదలుపెట్టాను. పిచ్చుక పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగి గూళ్లన్నీ పీకేశాను. చూరు పొడుగునా బోర్లించిన పెంకుల నోళ్లు సున్నం కలిపిన మట్టితో మూశాను. కోళ్ల ఫారాలకు వాడే ఇనుప జాలీ తెప్పించి సందుల్లో కొట్టాను. కప్పు మీదికి వంగిన జామకొమ్మ నరికేశాను. దారిన పోయేవాళ్లు తలలెత్తి చూసి నవ్వుకున్నారు. బాగా చూడనీ అని ఇంకో రెండు వరుసలు పైకెక్కాను.

మృగశిర రాకముందే లోపల మళ్లీ కిచకిచలు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. పైకెక్కి వేళ్లతో తడిమి వెతికాను, వేలు దూరే సందు ఒక్కటీ లేదు. మర్నాడు పనులన్నీ వదిలేసి గడప దగ్గర కూర్చున్నాను. "పనేం లేదా?" అంది అత్త. "గిదే పని," అన్నాను. పొద్దెక్కాక ఒక ఉడుత వసారా గుంజ ఎక్కింది. అక్కడ వాసానికి వేలాడుతున్న వరి కంకుల కుచ్చు మీదికి దూకి, నాలుగు గింజలు వలుచుకు తిని, తాడు పట్టుకుని పైకి పాకి, వాసం వెంట నేరుగా ఇంట్లోకి వెళ్లిపోయింది. దాని వెనకే రెండు పిచ్చుకలు.

యాసంగి కోత కాగానే మొదటి కంకులను కుచ్చుగా అల్లి, పిట్టల కోసం వసారాలో కట్టడం మా అత్తింటి ఆచారం. ప్రతి ఏడూ దాన్ని కళ్లకద్దుకుని అత్తకు అందించేది నేనే. బయట మట్టి మెత్తి, లోపల విందు పెట్టిన తెలివి నాది. రోజుకు ఎన్నిసార్లు దాని కింద నుంచి తిరిగామో, ఒక్కరం తలెత్తి చూడలేదు.

స్టూలెక్కి కుచ్చు విప్పుతుంటే అత్త వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"గవి పిట్టల పాలు. మా అత్త కట్టింది, నేను కడుతున్న. తీస్తే ఇంటికి మంచిది గాదు."

"పిట్టల పాలు పిట్టలకే ఇస్త అత్తమ్మా. ఇంట్లకు తొవ్వెందుకియ్యాలె? నీ మంచం మీద కారుతే మంచిదా?"

చెయ్యి వదిలింది గానీ నాతో మాట్లాడటం కూడా వదిలేసింది. వాకిట్లో బట్టలారేసే గుంజకు కుచ్చు కట్టాను. లోపలి ఉడుతలు, పిచ్చుకలు గింజల కోసం బయటికి పోయిన పూట చూసి, మళ్లీ కుక్కిన పీచంతా తీసేసి, వసారా నుంచి ఇంట్లోకి ఉన్న సందులకు కూడా జాలీ కొట్టాను. భయం లేదని అబద్ధమాడను. ఆ నెలంతా ఇంట్లో ఎవరికి తలనొప్పి వచ్చినా నా కళ్లు ఆ కుచ్చు వైపే పోయేవి. అయినా కుచ్చును వెనక్కి తేలేదు.

ఆ ఏడాది మూడు రోజులు విడవకుండా వాన కొట్టింది. అత్త తన బొంతను అటూ ఇటూ చేత్తో తడిమి చూసుకుంది. పొడిగా ఉంది. మా ఆయన చాలాసేపు పైకి చూసి, "వచ్చే యేడు సూద్దాం తియ్," అన్నాడు. "సూద్దాం," అని నేనూ అన్నాను. స్లాబు మాట మళ్లీ రాలేదు.

రెండు వేల సంవత్సరం దాటాక తెల్లబట్టల రియల్ ఎస్టేటు వాళ్లు కార్లలో వచ్చి మా ఊళ్లో జాగాలడగడం మొదలైంది. ఒక రోహిణి మధ్యాహ్నం నేను పైన పెంకులు సర్దుతుంటే ఇద్దరు మా వాకిట్లోకి వచ్చారు. అత్త గుంజ దగ్గర కుచ్చుకు కొత్త తాడు కడుతోంది.

"అవ్వా, గీ పాత గూనల ఇల్లు ఇంకెందుకు? కూలగొట్టి జాగ మాకియ్యరాదు?"

అత్త తాడు ముడి వేయడం పూర్తిచేసి, చెయ్యి పైకి చూపించింది.

"గా పైనున్నది మా కోడలు. ఇల్లు ఆమెది. ఆమెనే అడుగుండ్రి."

ఇద్దరూ తలెత్తి చూశారు. చేతిలో ఉన్న పెంకును దాని చోట బోర్లించి, "కూలగొట్టం," అన్నాను, పక్కింటికి కూడా వినపడే గొంతుతో.