జూలైలో హీటరు

వెర్నా కోల్‌స్టాడ్ చేతిలో పనిముట్టు ఎక్కువసేపు నిలిచేది కాదు. విస్కాన్సిన్‌లోని మా చిన్న విమానాల మైదానంలో ఎవడో ఒకడు వచ్చి, "ఇలా ఇవ్వు, అమ్మాయ్" అని లాక్కునేవాడు. ఆ అమ్మాయికి అరవై రెండేళ్ళు. జున్ను ఫ్యాక్టరీలో యంత్రాలు బాగుచేసి రిటైరైన మనిషి. పదకొండేళ్ళుగా రెండు సీట్ల విమానం సొంతంగా కట్టుకుంటోంది. గొడవపడేది కాదు. వాళ్ళు బిగించి వెళ్ళాక విప్పి, మళ్ళీ సరిగ్గా బిగించుకునేది. ఆమెది మంచి ఓర్పు అనేవాళ్ళం, నాతో సహా. అలా అనుకోవడం మాకు సుఖంగా ఉండేది.

ఇక మిగిలింది పైలట్ నెత్తిమీద మూసుకునే మూత. అది పారదర్శకమైన ప్లాస్టిక్ బుడగ, ఒకే ముక్కగా వస్తుంది. దాన్ని అడ్డంగా కోస్తే ముందుది గాలికి అడ్డుండే అద్దం, వెనకది తెరుచుకునే మూత. చల్లబడితే అది పెళుసెక్కి బీటలిస్తుంది. బీటకు అతుకు లేదు, ఇంకోటి రావాలంటే ఏడాది. అందుకే మావాళ్ళు జూలైలో మండే రోజు చూసుకుని, షెడ్డు తలుపులు మూసి, చెమటలు కక్కుతూ కోస్తారు.

ఆ ఆదివారం కోత సగానికొచ్చింది. వెర్నా గ్రైండరుతో కోస్తుంటే, నేనూ ఇంకొకడూ చెరోవైపు బుడగను పట్టుకున్నాం. ఉన్నట్టుండి వడగళ్ళు మొదలయ్యాయి. గోడమీది థర్మామీటరు గబగబా దిగిపోతోంది. వెర్నా గ్రైండరు ఆపింది.

మూడు విమానాలు కట్టిన ముసలి రైతు డ్వేన్ పెప్లిన్స్కీ చెయ్యి చాపాడు. "ఇలా ఇవ్వు, అమ్మాయ్. చేతులు వణుకుతున్నాయి నీకు."

"వణికింది మిషను. నువ్వెళ్ళి హీటరు తీసుకురా, డ్వేన్."

డ్వేన్ తన ఖాళీ చేతిని కాసేపు చూసుకుని, వానలోకి వెళ్ళాడు. మంచు తోసే బండి వెనక పడున్న హీటరును ఎలుకగూడుతో సహా మోసుకొచ్చాడు. జూలైలో హీటరు వెలిగించానని మా ఆవిడకు చెప్పకండి, పిచ్చాసుపత్రిలో పడేస్తుందని గొణిగాడు. వేడి నేరుగా బుడగకు తగలకుండా గోడవైపు తిప్పమంది వెర్నా. తిప్పాడు. ఇంకాస్త, అంది. ఇంకాస్త తిప్పాడు.

షెడ్డు మళ్ళీ కొలిమిలా వేడెక్కాకే ఆమె గ్రైండరు ఎత్తింది. ఆఖరి జానెడు కోస్తుంటే నేను నా వైపు అంచు కదలకుండా పట్టుకున్నాను. బుడగ మెత్తగా రెండైంది. టార్చి వేసి, అంచు వెంబడి గోరు నడిపింది. ఎక్కడా బీట లేదు. అక్కడే నేలమీద కూలబడి, కళ్ళద్దాలు తీసి, నవ్వింది.

"ఇప్పుడు తలుపు తియ్యొచ్చా?" అడిగాడు డ్వేన్.

"ఇంకాసేపాగు."

ఆగాం అందరం, చెమటలు కారుతూ, హాయిగా.

ఇది చదివే మీకో మాట. ఈ వారం ఏ షెడ్డులోనైనా, గ్యారేజీలోనైనా పనిముట్టు పట్టిన ఆడమనిషి కనిపిస్తే లాక్కోకండి. నన్నేం పట్టుకోమంటారని అడగండి. చెప్పిన చోట నిలబడండి.