కలివికాయ కోసిన కూలి

నా చిన్నప్పుడు, నిజాం కాలంలో, ఆషాఢం వచ్చిందంటే మా ఇంట్లో జొన్నల గుమ్మి అడుగంటేది. నాకు ఎనిమిదేళ్లప్పుడు బాపు దొర ఇంటికి వెట్టికి పోయి ఎంతకూ తిరిగి రాలేదు. అమ్మ తమ్ముణ్ణి కని నెల కూడా కాలేదు, కూలికి పోయే ఓపిక లేదు. అయినా ఒకరి ముందు చెయ్యి చాచే మనిషి కాదు. పక్కింటి అవ్వ చేటలో జొన్నలు తెస్తే, "మాకున్నయి అవ్వా" అని తిప్పి పంపింది.

మర్నాడు పొద్దున్నే అవ్వ మళ్లీ వచ్చింది, ఈసారి ఖాళీ గంపతో.

"గుట్ట కింద కలివికాయ మస్తుగ కాసింది బిడ్డా. నా ముసలి చేతులు ముండ్లల్లకు పోతలేవు. పిల్లను జర నా ఎంట తోలరాదు? ఊకె వద్దులే, కూలి కింద రొట్టెలిస్త."

అమ్మ కాసేపు ఆలోచించి సరేనంది.

మేం కలివికాయ అనే వాక్కాయను ముళ్లు తప్పించి తుంచడం, తొడిమ నుంచి కారిన పాలు వేళ్లకు అంటుకుంటే మట్టితో రుద్దుకోవడం అవ్వే నేర్పింది. పచ్చివి గంపలోకి, అక్కడక్కడా నల్లగా పండినవి నా నోట్లోకి. ఆ పండ్ల ఆశతో పొద చుట్టూ తిరిగి వచ్చేసరికి, అవ్వ మోచేతి దాకా ముళ్లలోకి చెయ్యి దూర్చి చకచకా కాయలు తెంపుతోంది. ఒంటి మీద ఒక్క గీత లేదు.

"చేతులు పోతలేవంటివి గదా అవ్వా?"

అవ్వ నవ్వింది. "గా ముచ్చట మీ అమ్మకు చెప్పకు. చెప్తే రొట్టె ముట్టది. బాలింత తినకపోతే పిలగానికి పాలెట్ల వస్తయి?"

ఇంటికొచ్చి అవ్వ కాయల్లో గింజలు తీసి, పచ్చిమిరపకాయలతో వేయించి, రోట్లో తొక్కు నూరింది. బాలింతకు పులుపు పడదని అమ్మకు వేరే వెల్లుల్లి కారం పెట్టి, వేడి రొట్టెలు నా చేతికిచ్చింది.

"పని మంచిగ చేసినవా?" అని అమ్మ అడిగింది.

"చేసిన" అన్నాను. అమ్మ ఆ రోజు కడుపునిండా తింది. బాపు వచ్చేదాకా నేను రోజూ కలివికాయ కూలికి పోయాను.

అమ్మకు అసలు సంగతి తెలుసో లేదో నేనెన్నడూ అడగలేదు. ఇప్పటికీ ఆకలితో ఎవరైనా నా గడపకు వస్తే, అన్నం పెట్టే ముందు ఏదో చిన్న పని చెబుతాను. ఆ పని నాకు చేతకాదని వాళ్లు నమ్మేలా చెప్పడమే కష్టం.