ఎగిరే హీరో ఆటకు నేను పెట్టిన సంతకం

కరోనా తర్వాత బడులు మళ్లీ మామూలుగా నడిచిన ఏడాది, జూలైలో, విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలోని ఒక ప్రైవేటు హైస్కూల్లో కౌన్సెలర్‌గా చేరాను. ఉద్యోగ విరమణకు ముందు అదే నా చివరి పోస్టు. నేను బడికి వెళ్లి చదువుకున్నదాన్ని కాను. విజయవాడ వన్ టౌన్‌లో మా గాజుల కొట్టు పైగదిలో మా అబ్బా, అంటే మా నాన్నగారే, కూర్చోబెట్టి చదువు చెప్పారు. పరీక్షలన్నీ ప్రైవేటుగా రాయించారు. అలాంటిదాన్ని ఒక బడిలో కుర్చీ వేసి కూర్చోబెట్టినందుకు అల్లాకు ఇప్పటికీ షుక్రియా చెప్పుకుంటాను.

కౌన్సెలర్ అంటే హాజరు పట్టీలో టీచర్లందరి తర్వాత, ఆఫీసు గుమాస్తాకు ముందు ఉండే పేరు. పిల్లల దిగుళ్లూ తల్లిదండ్రుల అనుమానాలూ వినడం మా పని. ఆ ఏడాది వచ్చిన అనుమానాల్లో సగం వీడియో గేముల గురించే. అందుకని ఒక పరిశీలన పత్రం తయారుచేశాను. ఆటలో కొట్టుకోవడం ఎంత, మాటలు ఎలాంటివి, మధ్యలో డబ్బు అడుగుతుందా, పిల్లలు అనుకున్నప్పుడు ఆట ఆపగలరా అని నాలుగు గడులు. ప్రతి ఆటకూ ఇన్నేళ్లు నిండినవారికి అని ఒక అంకె ఉంటుంది. ఆ అంకె చూసి, ఎవరో ఆడుతుండగా తీసిన వీడియో కాసేపు చూసి, గడులు నింపి సంతకం పెట్టేదాన్ని. ఒక ప్రతి ఇంటికి, ఒకటి ఫైలుకు.

పద్మావతిగారు ఆగస్టులో వచ్చారు. భర్త థర్మల్ పవర్ స్టేషన్‌లో షిఫ్టు ఆపరేటరు. కూతురు భవ్య మా బడిలోనే తొమ్మిదో తరగతి. పుట్టినరోజుకు టాబ్ కొనిస్తే, అందులో ముసుగు వేసుకుని ఊరి మీద ఎగిరే సూపర్ హీరో ఆట కావాలని పట్టుబట్టిందట.

“మా ఆయన్ని అడిగితే మేడంగారిని అడుగు అంటారండీ. మీరు సరేనంటే సరే,” అన్నారావిడ.

నేను చూశాను. నెత్తురు లేదు, బూతు లేదు. హీరో దొంగల్ని పట్టుకుంటాడు, మంటల్లోంచి జనాన్ని తెస్తాడు. అంకె పన్నెండు, పిల్లకు పద్నాలుగు. ‘ఇవ్వవచ్చు’ అని రాసి సంతకం పెట్టాను.

నవంబరు రెండో శనివారం, బడికి సెలవు. ఇంట్లో జుహర్, అంటే మధ్యాహ్నపు నమాజు, ముగించి లేస్తుంటే పద్మావతిగారి ఫోను.

“స్పెషల్ క్లాసు ఎన్నింటిదాకా అండీ? అన్నం కూడా తినకుండా వెళ్లిపోయింది.”

ఈ రోజు బడే లేదని చెప్పాను. నా చేతిలో నమాజు చాప, జానమాజ్, సగం మడిచి ఉంది.

ఈమధ్య ఎవరితో ఎక్కువ మాట్లాడుతోందని అడిగాను. మా వాళ్లతోనే అన్నారు. పామర్రులో బావగారబ్బాయితో కలిసి ఆ హీరో ఆట ఆడుతోందట. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని అన్నా, అన్నా అంటుంటే, పోనీలే ఇంటి పిల్లలే కదా అనుకున్నారట. ఆ ఆటలో బయటివాళ్లు కలిసి మాట్లాడుకునే వీలుందని నేను చూడనే లేదు. నా పత్రంలో ఆ గడే లేదు.

వెంటనే పామర్రుకు ఫోన్ చేయమన్నాను. ఆ అబ్బాయి చెప్పింది ఆవిడ వెంటనే తిరిగి నాకు ఫోన్ చేసి చెప్పారు: “నా ఫోన్లో వాట్సాప్ తెరుచుకోవడమే గొప్ప పిన్నీ, ఆ ఎగిరేవాడు ఇందులో ఎక్కడ పడతాడు?”

టాబ్ ఇంట్లోనే ఉంది. ఆట తెరిచి, రాత సందేశాలు ఉండేచోటు వెతికించాను. ఆవిడ చదివి వినిపించారు. హీరోకి కొత్త డ్రెస్సు కొనే కోడ్ ఉన్న కార్డు ఇస్తాను, రెండున్నరకి వన్ టౌన్‌లో ఫలానా సెల్ షాపు దగ్గరికి ఒక్కదానివే రా, ఇంట్లో చెబితే ఇవ్వను. కింద ‘సరే అన్నా’ అని పిల్ల జవాబు.

గడియారం రెండు పది. పోలీసులకు ఫోన్ చేయండి, నేను వెళ్తున్నాను అని చెప్పి బయటపడ్డాను. నేనుండేదీ వన్ టౌన్‌లోనే, ఆ షాపు నాలుగు వీధుల అవతల. ఆటో ఎక్కితే, సరుకు దింపుతున్న తోపుడుబళ్ల మధ్య మొదటి మలుపులోనే ఆగిపోయింది. దిగి నడిచాను. నా వయసుకు పరుగనే చెప్పాలి. దారి పొడుగునా నోట్లో అల్లాకు దువా, కళ్ల ముందు నా సంతకం.

భవ్య షాపు మెట్ల మీద నిలబడి ఉంది. యూనిఫాం, వీపున సంచి. నన్ను చూసి తెల్లబోయింది.

“మీరేంటి మేడం ఇక్కడ?”

“మా ఇల్లు ఇక్కడే. నువ్వెవరి కోసం?”

“అన్న వస్తానన్నాడండీ. ఇంకా రాలేదు.”

“పేరేంటి ఆ అన్నది?”

తెలియదంది. అప్పుడు ఏడ్చింది.

చేయి పట్టుకుని మా ఇంటికి తీసుకెళ్లి అన్నం పెట్టాను. వాళ్లమ్మా నాన్నా పోలీసును వెంటబెట్టుకుని వచ్చారు. అతను రాలేదో, వచ్చి నన్ను చూసి వెళ్లిపోయాడో తెలియదు. ఆ ఖాతా అప్పటికే తీసేసి ఉంది. పిల్ల దొరికింది, అంతకు మించి నేను అడగలేదు.

సోమవారం ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా నివేదిక ఇచ్చాను. పొరపాటు నాదని మొదటి వాక్యంలోనే రాశాను. భవ్య తండ్రి ఆట తీసేస్తానన్నారు. తీసేస్తే ఈసారి దాచి ఆడుతుంది, మాటలు కలిపే మీట ఆపించి మీరు పక్కన కూర్చోండని చెప్పాను. ఆయన షిఫ్టు దిగివచ్చి వారం రోజులు కూర్చున్నారు.

“ఎగరడం నాకు రావడం లేదు మేడం, గోడలకి కొట్టుకుంటున్నాను. మా అమ్మాయి నవ్వుతోంది,” అని చెప్పారు.

ఆట మీది అంకె, దాన్ని తయారుచేసినవాళ్లు ఏం పెట్టారో చెబుతుంది. అందులోకి ఎవరు వస్తారో చెప్పదు. అది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. మన ఇళ్లలో పిల్లలు కొత్తవాళ్లను కూడా వరస కలిపి పిలుస్తారు, ఆ పిలుపు విని పెద్దవాళ్లు నిశ్చింతగా ఉంటారు. అందుకని పత్రంలో ఐదో గడి చేర్చాను: ‘ఆటలో మీ పిల్లలు అన్నా, అక్కా, మామా అని పిలిచేవారి పేరు, ఊరు, మీరు వారిని చూసిన చోటు.’ చాలామంది నవ్వారు. కొందరు ఖాళీగా వదిలేశారు. ఆ గడి ఖాళీగా వచ్చిన పత్రం మీద, రిటైరయ్యే రోజు వరకూ, నేను సంతకం పెట్టలేదు.