నాంపల్లి వేపచెట్టు, నా ఎర్ర డిస్కు

ఆ రోజుల్లో ఉద్యోగం రావడం కంటే, వచ్చిన ఉద్యోగం ఖాయం కావడం కష్టంగా ఉండేది. (ఇప్పుడు రెండూ కష్టమేనని మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళు అంటున్నారు, అది వేరే సంగతి.) అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక సందులో, మేడ మీద రెండు గదుల్లో రైలు టికెట్లు, బస్సు టికెట్లు, తీర్థయాత్రలు అమ్మే ఆఫీసులో నేను ప్రొబేషన్ మీద ఉన్నాను. మెట్రో స్తంభాలు లేస్తున్న కాలం కాబట్టి బస్సు దిగి ఆఫీసుకు చేరేసరికి ముఖానికి సిమెంటు పట్టేది. మా తాతగారు కోస్తా నుంచి కర్నూలుకి, కర్నూలు నుంచి హైదరాబాదుకి రాజధాని వెంటే వచ్చిన గుమాస్తా. అందుకని మా ఇంట్లో పర్మనెంటు అన్న మాట వింటే ఇప్పటికీ లేచి నిలబడతారు. నాకు పర్మనెంటు అయిపోయిందని మా అమ్మ అప్పటికే అపార్టుమెంటు మొత్తానికి మైసూర్‌పాక్ పంచేసింది. కాబట్టి ఆ ఉద్యోగం పోతే నాకు జీతం పోవడం ఒక్కటే కాదు, మా అమ్మకు లిఫ్టులో తలెత్తుకుని దిగే వీలు కూడా పోతుంది.

మా సారు మంచివారే. ఆయనకున్న జబ్బల్లా తోడల్లుడు. ఆ తోడల్లుడిగారికి నాంపల్లి స్టేషన్ దగ్గర అచ్చం ఇలాంటి ఆఫీసే ఉంది. ఈయన ఏసీ పెట్టిస్తే ఆయన రెండు పెట్టించేవాడు. ఆయన కాశీయాత్ర మొదలుపెడితే ఈయన కాశీకి గయ కలిపేవారు. అలాంటి తోడల్లుడు ఒకసారి బెంగళూరు వెళ్ళి డిస్క్ గోల్ఫ్ అనే ఆట నేర్చుకుని వచ్చాడు. అంతే, మా ప్రాణానికి వచ్చింది. ఆట చెప్పడానికి సులువే. టిఫిన్ ప్లేటంత డిస్కును దూరాన గొలుసులు వేలాడుతున్న ఇనుప బుట్టలో, వీలైనన్ని తక్కువ విసుర్లలో వెయ్యాలి. ఖాళీ మైదానంలో అయితే మా అమ్మ కూడా ఆడేస్తుంది. మా ఖర్మకొద్దీ దొరికింది మైదానం కాదు, నాంపల్లిలో వారసుల మధ్య కోర్టులో నలుగుతున్న ఒక పాత బంగళా ఆవరణ. కేసు తేలేదాకా అక్కడ కొమ్మ కూడా కొట్టకూడదట. దాంతో వేపలు, కానుగలు, చింతలు పెరిగి పెరిగి వారసుల కంటే ఎక్కువైపోయాయి. మొదటి విసురు విసిరే చోటు (దాన్నే టీ అంటారు) ఎదురుగా రెండు వేపచెట్లు. వాటి మధ్య ఒక మనిషి చేతులు చాపితే రెండు వైపులా తగిలేంత సందు. డిస్కు ఆ సందులోంచే పోవాలి, వేరే దారి లేదు.

మొదటి విసురు చూస్తే మనిషి తెలిసిపోతాడని మా సారు సిద్ధాంతం. ఇద్దరు తోడల్లుళ్ళ ఆఫీసులకూ ఆదివారం మ్యాచి అనగానే మా ఆఫీసులో మిగతావాళ్ళకు నడుంనొప్పి వచ్చింది. (తెలివైనవాళ్ళకు నొప్పులు కూడా సమయానికే వస్తాయి.) మిగిలింది నేను. సారు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు.

“మ్యాచిల ఫస్టు నువ్వే ఇసరాలె. గా సందులకెళ్ళి తీస్తివా, సోమవారం నువ్వు పర్మనెంటు. చెట్టుకు కొడితివా, మల్ల ఆర్నెల్లు చూద్దాం” అన్నారు.

ఇక చూడండి నా అవస్థ. రోజూ పొద్దున్నే ఆఫీసుకు ముందు నాంపల్లి, రెండు వేపచెట్లు, నేను. సారు ఫోన్లో వీడియోలు చూసి చెప్పేవారు: చెట్టును చూడకు, సందును చూడు; బలం తగ్గించు; పరుగెత్తుకు రాకు, నిలబడి విసురు; అడవిలో వేగం పనికిరాదు. అన్నీ నిజమే. కానీ చెట్టును చూడకు అని చెప్పాక మనిషికి చెట్టు తప్ప ఏం కనిపిస్తుంది? నేను సందును చూస్తున్నాననుకుంటూనే ఎడమచేతి వేపచెట్టును చూసేవాణ్ణి, డిస్కు వెళ్ళి దాన్నే ముద్దుపెట్టుకునేది. కోపం వచ్చి ఇంకా గట్టిగా విసిరితే ఇంకా గట్టిగా తగిలేది. బేగం బజార్‌లో తోపుడుబళ్ళ మధ్య, మూటల మధ్య స్కూటర్ ఎలా నడుపుతావు, అలాగే అనుకో అని ఒక సహోద్యోగి సలహా ఇచ్చాడు. బేగం బజార్‌లో తగిలితే తిట్టి వదిలేస్తారు గానీ ఉద్యోగం తీసెయ్యరని అతనికి ఎవరు చెప్పాలి? దీనికి తోడు పొదల్లో పడితే కనిపించాలని సారు నా డిస్కుకు ఎర్ర పెయింటు పూయించారు. ఏ కొట్లో తెచ్చారో గానీ ఆ రంగు జన్మలో ఆరలేదు. నా చేతులు, చొక్కా, వేపచెట్టు, అన్నీ ఎరుపే.

అసలు తలనొప్పి అక్కడే మొదలైంది. ఒక గురువారం వెళ్ళేసరికి ఎడమచేతి వేపచెట్టు మొదలంతా పసుపు రాసి ఉంది, కింద దీపం ఉంది, కొబ్బరిచిప్పలు ఉన్నాయి. బంగళా వాచ్‌మన్ భార్య చేతులు జోడించి నిలబడి ఉంది. చెట్టు మీద కుంకుమ దానంతటదే వచ్చిందట, అమ్మవారు వెలిసిందట. నేను పరుగున వెళ్ళి నా డిస్కు చూపించాను. ఇదిగో ఈ రంగే, పొద్దున్నే నేనే కొడుతున్నాను, కావాలంటే ఇప్పుడే ఇంకోసారి కొట్టి చూపిస్తాను అన్నాను. ఆవిడ డిస్కు వైపు చూసింది, చెట్టు వైపు చూసింది.

“గిన్ని చెట్లున్నయి గదా సార్, నీ పల్లెం రోజు గా చెట్టుకే ఎందుకు తగుల్తది? గది చెప్పు” అంది.

నేను డిస్కు తుడుచుకుని ఆఫీసుకు బయల్దేరాను. మర్నాడు శుక్రవారం. సంగతి ఎలా పాకిందో గానీ, మా అమ్మ అపార్టుమెంటు ఆడవాళ్ళను రెండు ఆటోల్లో ఎక్కించుకుని దిగింది. నేను అమ్మను పక్కకు లాగి, అది కుంకుమ కాదు, నా పెయింటు అని ఒట్టు పెట్టి చెప్పాను. అమ్మ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. ఖాయం కావలసినవాడివి (ఈ ముక్క మాత్రం పక్కవాళ్ళకు వినిపించకుండా), అలాంటి మాటలు అనకు, నీ పళ్ళెం సూటిగా పోవాలని మొక్కుకున్నాను అంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. అంతవరకూ చెట్టుకు తగిలితే ఉద్యోగం పోయేది. ఇప్పుడు తగిలితే అమ్మవారిని కొట్టినట్టు.

ఆదివారం ఆవరణ నిండా జనం. తోడల్లుళ్ళిద్దరూ కొత్త టోపీలతో, వాళ్ళ భార్యలు (సొంత అక్కచెల్లెళ్ళు) పట్టుచీరలతో వచ్చారు. నేను టీ దగ్గరకు వెళ్ళి చూద్దును కదా, రెండు వేపచెట్ల మధ్య, సరిగ్గా నా డిస్కు పోవలసిన ఎత్తులో, ఈ కొస నుంచి ఆ కొసకు బంతిపూల తోరణం కట్టి ఉంది. గుమ్మానికి తోరణం లేకపోతే ఎలా అని మా అమ్మే కట్టించిందట. విప్పెయ్యమని బతిమాలాను. పూజ చేసి కట్టింది మ్యాచి అయ్యేదాకా విప్పకూడదంది. నాకు ఏడుపొక్కటే తక్కువ. విసుగొచ్చి, ఎవరి మీదో కూడా తెలియని కోపం వచ్చి, చివరికి అన్నీ పోయి వట్టి భయం మిగిలింది. ఎడమచేతి చెట్టు వైపు చూడడానికి ధైర్యం లేక చూపు మధ్యకు తిప్పుకున్నాను. గట్టిగా విసరడానికి చేతులు రాక, పక్కింటివాళ్ళకు గిన్నె తిరిగి ఇచ్చినట్టు మెల్లిగా వదిలాను. నా జన్మలో మొదటిసారి ఆ డిస్కు చదునుగా, తిన్నగా, ఏ చెట్టునూ ముట్టుకోకుండా సందు నడిమధ్యకు పోయింది. పోయి తోరణానికి తగిలింది. దారం పుటుక్కున తెగింది. బంతిపూల దండ డిస్కుకు చుట్టుకుంది. అలా దండ వేసుకునే సాగి, సాగి, ఇనుప బుట్ట ముందు వాలింది.

తోడల్లుడు ఊరుకుంటాడా? అడ్డం తగిలింది కాబట్టి విసురు చెల్లదు, మళ్ళీ వెయ్యాలి అన్నాడు. మళ్ళీ వేస్తే ఏ చెట్టుకు పోతుందో నాకు తెలుసు, ఆ చెట్టుకూ తెలుసు. సారు ఫోన్లో నిబంధనలు వెతికారు. కొమ్మ గురించి ఉంది, కుక్క గురించి ఉంది, తోరణం గురించి లేదు. అప్పుడు మా అమ్మ ముందుకు వచ్చి, వేపచెట్టు వైపు చెయ్యి చూపించింది.

“చెల్లదని నాకు కాదు బాబూ, ఆవిడకు చెప్పండి.”

ఆయన చెట్టు వైపు తిరిగాడు. చెట్టు ముందు ఆయన భార్యే కళ్ళు మూసుకుని చెంపలు వేసుకుంటోంది. టోపీ తీసి చంకలో పెట్టుకుని, సరే కానివ్వండి అన్నాడు. ఆ తరవాత ఆటలో మేము చిత్తుగా ఓడిపోయాం, అది ఎవరికీ గుర్తు లేదు. సోమవారం నాకు పర్మనెంటు అయింది. సారుకు దండం పెడితే, అమ్మవారు ఇప్పించింది, నాదేముంది అన్నారు. నేను సందు చూసి విసిరాను, బలం తగ్గించి విసిరాను, ఆ విసురు నాది మహాప్రభో అని ఆఫీసులో చెప్పాను, ఇంట్లో చెప్పాను, లిఫ్టులో కూడా చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

ఇన్నేళ్ళ తరవాత మొన్న పనిమీద నాంపల్లి వెళ్ళి ఆ ఆవరణలోకి తొంగిచూశాను. కేసు ఇంకా నడుస్తూనే ఉంది. ఆట ఎప్పుడో పోయింది. వేపచెట్టుకు మాత్రం ఇనుప కటకటాలు, రేకుల కప్పు, గంట వచ్చాయి. గేటు దగ్గర కొబ్బరికాయలు అమ్మే ఆవిడ నేను కొత్తవాణ్ణనుకుని స్థలమహిమ చెప్పడం మొదలుపెట్టింది. వెనకట ఒక పిలగాడు ఉండేవాడట. అమ్మవారంటే వాడికి ఎంత భయభక్తులంటే దగ్గరికి రావడానికి ధైర్యం చాలక, రోజూ పొద్దున్నే పళ్ళేనికి కుంకుమ రాసి దూరం నుంచే విసిరేవాడట.

“గసుంటి భక్తుడు మల్ల పుట్టలే సార్” అంది.

అది పెయింటమ్మా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ నన్ను అంత మంచిమాట ఆఫీసులో ఎవరూ అనలేదు, ఇంట్లో అసలే అనలేదు. మింగేసి, ఆ పిలగాడు తరవాత ఏమయ్యాడని అడిగాను.

“ఏమైతడు సార్. మంచి నౌకరి అచ్చిందంట, సల్లగ ఉన్నడంట.”

చల్లగానే ఉన్నాడా అని ఒక్క క్షణం నాలో నేనే చూసుకున్నాను. ఉన్నట్టే అనిపించింది. చెప్పులు విప్పి, ఒక కొబ్బరికాయ ఇమ్మన్నాను.