ఏరు వెనక్కి పోతుందని ఎదురుచూశాం

మా చిన్నప్పుడు... ఎండు చేపలు నింపిన గూడు బండి కొండల వైపు బయల్దేరిందంటే చాలు, అందులో చోటు కోసం మా ఇంట్లో చిన్నపాటి యుద్ధమే జరిగేది!

అరవైల చివరి మాట ఇది. మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు ఊరు. చేపల వేటే మావాళ్ళ బతుకు. ఎండాకాలంలో నెత్తళ్ళనే చిన్న చేపల్ని ఎండబెట్టి, తాటాకు బుట్టల్లో కుక్కి, పాతపట్నం దాటాక కొండల్లో జరిగే సంతకి తీసుకెళ్ళేవాళ్ళు. తిరిగొచ్చేటప్పుడు అదే బండిలో చింతపండు, పసుపు, కొండచీపుర్లు... దారిలో ఏ ఏటి ఒడ్డునో మజిలీ. వంటా నిద్రా అంతా ఆరుబయటే.

నాకు తొమ్మిదేళ్ళొచ్చేదాకా ఆ బండి ఎక్కనివ్వలేదు. ఆ ఏడు ఎలాగో మా అయ్య సరేనన్నాడు. అదీ ఒక షరతు మీద.

"ఈ పాలికి తీసుకెల్తన్నాను. తిన్నగా ఉన్నావా, వచ్చే ఏడూ తెస్తాను. నేకపోతే ఇదే ఆకరు."

కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, కోడి కూయకముందే బండెక్కి కూర్చున్నాను. ఎడ్లు ఇంకా రాలేదు!

మా ఇంట్లో ఇంకో ఆనవాయితీ ఉండేది. బండిలో మొదటిసారి వచ్చినవాళ్ళే కొండల్లో మొదటి మజిలీకి చోటు ఎంచాలి. కొత్త కాళ్ళు కలిసొస్తాయని, ఏటా బండిలో మాతో వచ్చే మా మామ్మ నమ్మకం. అంటే ఈసారి ఎంచాల్సింది నేనే... ఆ సంగతి తలుచుకుంటే నా కాళ్ళు నేల మీద నిలిస్తేనా!

మర్నాడు మధ్యాహ్నానికి మహేంద్రతనయ ఏరు కనబడింది. చుట్టూ కొండలు, గులకరాళ్ళ మీద గలగలా పారే నీళ్ళు. మా ఊళ్ళో నీళ్ళకి అవతలి ఒడ్డే ఉండదు. ఇక్కడ రాయి విసిరితే అవతల పడుతోంది! అదే పెద్ద వింత నాకు.

ముందు ఓ మామిడితోపు చూశాను. దిగీ దిగగానే ఎర్రచీమలు కాళ్ళు పట్టుకున్నాయి. తర్వాత ఒక మిట్ట. బండి తోలే సింహాచలం మావకి అది తెగ నచ్చింది. ఆయన పక్క ఊరి రైతు, బండీ ఎడ్లూ ఆయనవే.

ఇంతలో ఏటి మలుపులో తెల్లటి ఇసక కనబడింది... మెత్తగా, విశాలంగా, అచ్చం మా ఊరి ఒడ్డు లాగే. "ఇక్కడే!" అని అరిచి అందులో దొర్లేశాను.

"మిట్ట మీద గడ్డున్నాది, గాలున్నాది. అక్కడ దిగుదామే అత్తా" అన్నాడు సింహాచలం మావ, మామ్మతో.

"ఆ రాళ్ళల్లో నడుమానుతాదేటి? పిల్ల ఎంచీసింది, అంతే" అంది మామ్మ.

ఇసకలో పుట్టి ఇసకలో పెరిగినవాళ్ళం మరి! మా ఒడ్డున కెరటాలు తెచ్చి వదిలిన నాచూ గవ్వలూ ఒక గీతలా ఉండేవి. నీళ్ళు ఆ గీత దాటి రావని మా ధీమా. ఇక్కడా ఎండుటాకులు, పుల్లలు ఒక గీతలా కనబడ్డాయి. మామ్మ దాన్ని చూసి తృప్తిగా తలూపింది. గీతకి ఇవతల బండి, చేపల బుట్టలు. నీళ్ళు దగ్గరని అవతల పొయ్యి. సింహాచలం మావ గొణుక్కుంటూ ఎడ్లని మేతకి మిట్ట మీదకి తోలుకుపోయాడు.

అన్నం కుతకుతలాడుతోంది. నేను ఏట్లో గెంతుతున్నాను. ఎగువ కొండల మీద మబ్బు నల్లగా దిగింది గానీ మా నెత్తిన చినుకు లేదు. కాసేపటికి నీళ్ళు ఎర్రబడ్డాయి. ఆకులు కొట్టుకొస్తున్నాయి.

నీళ్ళు పొయ్యిని తాకాయి. మామ్మ చలించలేదు. "పోటు మీదున్నాది. ఎనక్కి తీస్తాదినే" అని కుండ కాస్త పైకి జరిపింది. మళ్ళీ వచ్చాయి. మళ్ళీ జరిపింది. ఏరు ఎప్పుడు వెనక్కి పోతుందా అని అందరం నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాం!

గీత మునిగింది. మిట్ట మీంచి సింహాచలం మావ గొంతు చించుకున్నాడు.

"అది సముద్రం కాదే అత్తా! ఎనక్కి పోదు! కొండల్లో వాన పడిపోతన్నాది! బుట్టలెత్తండి!"

అప్పుడు పుట్టింది భయం. ఆ బుట్టలు తడిస్తే ఆ ఎండాకాలం అంతా ఎండలో పడ్డ పాట్లు బూడిదపాలే! అయ్య రెండేసి బుట్టలు మోశాడు. మామ్మ చీర ఎగ్గట్టి పరుగు. నేను ఏడుస్తూనే నాకంటే పెద్ద బుట్టని ఈడ్చాను. సింహాచలం మావ ఎడ్లని తోలుకొచ్చి బండిని లాగించాడు. బుట్టలన్నీ గట్టెక్కాయి. అన్నం కుండ మాత్రం మూతతో సహా ఊగుకుంటూ వెళ్ళిపోయింది.

వెనక్కి చూస్తే నా తెల్ల ఇసక లేదు... ఎర్రటి ఏరు హోరుమంటోంది. నా పనైపోయింది, ఇంక జన్మలో నన్ను తీసుకురారు అనుకుని బండి చక్రం వెనక దాక్కున్నాను.

అయ్య వచ్చి పక్కన చతికిలబడ్డాడు. "నా మొదటి మజిలీకి నానేటి ఎంచానో తెల్సా? పాము పుట్ట పక్కన!" అని పగలబడి నవ్వాడు. "వచ్చే ఏడూ నువ్వే ఎంచాల. ఆ పాలి మిట్ట సూసి ఎంచు."

వచ్చే ఏడు! ఆ సాయంత్రం నిప్పుల మీద కాల్చిన నెత్తళ్ళు, మూటలో తెచ్చుకున్న చోడిపిండితో, అదే రాగిపిండితో, కాచిన అంబలి... అంత రుచి మళ్ళీ ఎక్కడా తగల్లేదు నాకు.

తర్వాత లారీలొచ్చాయి, బండి ప్రయాణాలు ఆగిపోయాయి. ఇప్పుడు మజిలీ చోటు కూడా ఫోన్లోనే ఎంచుతున్నారు. మొన్న నా మనవరాలు మంచాలూ పొయ్యీ ఉన్న వ్యాను అద్దెకి మాట్లాడుకుని, కొండల్లో ఎక్కడ ఆపాలో ఫొటోలు చూపించింది. "ఇదిగో అమ్మమ్మా, ఏటి పక్కనే, ఇసక మీదే!" అంది. ఆ తెల్లటి ఇసక చూడగానే నా గుండె మళ్ళీ గెంతింది...

"పైన మిట్టేమైనా ఉందా?" అని అడిగాను.

"ఉంది గానీ, అక్కడ్నుంచి ఫొటోలు బాగా రావు."

"అక్కడే దిగు" అన్నాను.

మీరూ ఏటి ఒడ్డున మూడు రాళ్ళు పెట్టి వండుకున్నవాళ్ళయితే, ఆ ముచ్చట కాస్త చెప్పండి... చదవాలని ఉంది. నేనైతే ఆ వ్యానులో నాకూ చోటు కావాలని అడిగేశాను. తిన్నగా ఉంటానని మాట కూడా ఇచ్చాను!