లంచ్ తర్వాత ఒక రౌండ్

సైకాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నానని తెలిశాక మా చందానగర్ అపార్ట్‌మెంట్‌లో అందరూ నన్ను ఒకే మాట అడిగేవారు. "అయితే నా మనసులో ఏముందో చెప్పు చూద్దాం." లిఫ్ట్‌లో అడిగేవారు, కూరగాయల బండి దగ్గర అడిగేవారు, వినాయక చవితి పందిట్లో ప్రసాదం చేతిలో పెడుతూ అడిగేవారు. మొదట్లో నవ్వి ఊరుకునేదాన్ని. పోను పోను ఒళ్ళు మండేది. ఒకసారి కింది ఫ్లోర్ ఆంటీతో, "ఈ చదువు ఇంకా అయిపోలేదేమిటా అనుకుంటున్నారు, అంతేగా?" అనేశాను. ఆవిడ నోరు వెళ్ళబెట్టింది. ఆ తర్వాత కొన్నాళ్ళపాటు నా శాస్త్రం మీద ఆవిడకు మహా గౌరవం ఉండేది.

ఎప్పుడు అయిపోతుందో నిజానికి నాకూ తెలియదు. నేను ఎంచుకున్న విషయం ఐటీ ఉద్యోగుల భయం. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని రోజుల్లో మనిషి ఆ భయాన్ని ఎక్కడ దాచుకుంటాడు, ఎవరితో చెప్పుకుంటాడు అన్నది నా ప్రశ్న. దీనికి మూలం మా ఇంట్లోనే ఉంది. మా ఆయన కూడా హైటెక్ సిటీలోనే పనిచేస్తాడు. ఒక ఏడాది వాళ్ళ కంపెనీలో చాలామందిని తీసేశారు. ఆ నెలంతా ఆయన మామూలుగా ఇంటికొచ్చాడు, అన్నం తిన్నాడు, క్రికెట్ చూశాడు, ఒక్క ముక్క చెప్పలేదు. సంగతి నాకు ఆయన స్నేహితుడి భార్య ద్వారా తెలిసింది. నాకు పిచ్చి కోపం వచ్చింది. పక్కనే ఉన్న మనిషి నాతో ఎందుకు చెప్పలేకపోయాడా అని తొలిచిన ఆ కోపంతోనే పీహెచ్‌డీకి అప్లికేషన్ పెట్టాను.

మా గైడ్ మేడమ్ సంగారెడ్డి వైపు పల్లె నుంచి వచ్చి ప్రొఫెసర్ అయిన మనిషి. గదిలోకి వెళితే కూర్చోమని కూడా అనేవారు కాదు, కుర్చీ వైపు ఒకసారి చూసేవారు. మా ఇద్దరి మధ్య పెద్ద బల్ల, బల్ల మీద నా అధ్యాయాలు, వాటి మీద ఎర్ర పెన్ను. ఇన్నేళ్ళలో ఆవిడ నా ఇంటి సంగతి అడిగింది లేదు, ఆవిడ ఇంటి సంగతి చెప్పిందీ లేదు. నేను ఆవిడ చివరి స్టూడెంట్‌ని. ఆవిడ రిటైరయ్యేలోగా థీసిస్ ఇవ్వాలి. లేకపోతే నన్ను మరో గైడ్‌కి అప్పగిస్తారు, నా విషయం తెలిసినవాళ్ళు మా డిపార్ట్‌మెంట్‌లో ఇంకెవరూ లేరు. గడువు పొడిగించడం కూడా అదే ఆఖరుసారి. దాటిందా, అన్నేళ్ళ చదువూ గంగపాలే.

ఇంటర్వ్యూలకు దారి చూపించింది మా ఎదురు ఫ్లాట్ అక్క. కడప నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడింది, హైటెక్ సిటీలో ఒక కంపెనీలో టీమ్ లీడ్. వాళ్ళ హెచ్‌ఆర్ వాళ్ళ వెంటపడి నాకు అనుమతి ఇప్పించింది. నాతో మాట్లాడటానికి తన స్నేహితులను, స్నేహితుల స్నేహితులను ఒప్పించింది. పైగా మంచి మీటింగ్ రూమ్ కూడా ఇప్పించింది. అద్దాల గోడలు, ఏసీ, గుండ్రటి బల్ల, బల్ల మీద నా రికార్డర్. ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను.

ఒక్కొక్కరే వచ్చారు. లాప్‌టాప్ మూసి, చేతులు బల్ల మీద పెట్టి, నిటారుగా కూర్చున్నారు. "ఈ మధ్య ఎప్పుడైనా భయం వేసిందా?" అని అడిగితే, "మార్పును నేనొక అవకాశంగా చూస్తాను మేడమ్" అన్నాడొకాయన. ఇంకొకావిడ అడగకుండానే తన బలాలు చెప్పి, తర్వాత బలహీనత కూడా చెప్పింది, పనిలో తనకు మరీ పర్ఫెక్షన్ పట్టింపట. మా అక్క కూడా అంతే. పొద్దున లిఫ్ట్‌లో నాతో తిట్లూ నవ్వులూ కలిపి మాట్లాడే మనిషి, ఆ కుర్చీలో కూర్చోగానే "టీమ్‌ను ఎప్పుడూ మోటివేటెడ్‌గా ఉంచుతాను" అంది. ఒకతను అన్నీ చెప్పి లేచి, తలుపు దగ్గర ఆగి, "నా గురించి ఫీడ్‌బ్యాక్ ఏమైనా ఉందా మేడమ్?" అని అడిగాడు.

అప్పుడు నవ్వొచ్చింది. ఇంటికొచ్చి, కుక్కర్ విజిల్స్ మధ్య ఆ రికార్డింగులు విని టైపు చేస్తుంటే నవ్వు రాలేదు. గొంతులే వేరు, మాట ఒక్కటే. పేజీలన్నీ కలిపేస్తే ఏది ఎవరిదో తెలియదు.

మేడమ్ చదివారు. ఎర్ర పెన్నుకు మూత పెట్టేశారు. దిద్దడానికి కూడా ఏమీ లేదన్నమాట.

"ఏందమ్మా గిది? మనుషులు చెప్పిన్రా, కంపెనీ చెప్పిందా?" అన్నారు. "గిట్లనే ఇస్తే ఎగ్జామినర్ నీ మొకాన కొడ్తడు. ఇంక ఏడాది గూడ లేదు, సోంచాయించు."

బయటికొచ్చి ఏడ్చాను. ఏడ్చానని చెప్పడానికి నాకేమీ సిగ్గు లేదు. మర్నాడు లింగంపల్లిలో ఎంఎంటీఎస్ రైలు ఎక్కి హైటెక్ సిటీకి వెళ్ళాను, అక్కకు చెప్పి మిగిలిన ఇంటర్వ్యూలు ఆపేయడానికి. నా మనసులో అప్పటికే చదువు మానేశాను. మా ఆయనకు ఎలా చెప్పాలో కూడా వాక్యాలు పేర్చుకున్నాను.

వెళ్ళేసరికి లంచ్ టైమ్. అక్క తన డబ్బాలోని రాగి సంగటి, పప్పులో సగం నా ముందుకు తోసింది. తిన్నాక చేతులు కడుక్కుని, "పామ్మా, ఒక రౌండేసొద్దాం" అంది.

ఆ దారిలో ఏ ఆఫీసు దగ్గరైనా లంచ్ తర్వాత ఈ రౌండ్ కనిపిస్తుంది. తిన్నవాళ్ళు తిన్నట్టే కిందికి దిగి, ఇద్దరిద్దరుగా, బిల్డింగ్ చుట్టూ నడుస్తారు. తిండి అరగడానికి అంటారు. నేనూ అదే అనుకునేదాన్ని, అన్నిసార్లు చూసినా పట్టించుకోలేదు. ఆ రోజు చూశాను. తలుపు దాటగానే అక్క మెడలోని ఐడీ కార్డు తీసి జేబులో పెట్టుకుంది. ముందు నడుస్తున్నవాళ్ళ మెడల్లోనూ కార్డులు లేవు. ఎవరూ ఎవరి మొహమూ చూడటం లేదు. కానీ అందరూ మాట్లాడుతున్నారు.

నా గోడు చెబుదామని నేను నోరు తెరిచేలోపే అక్క మొదలుపెట్టింది. "మా టీమ్‌లో నుంచి పేర్లు ఇమ్మంటాండారమ్మా. ఎవుర్ని తీసేయాలో నేను చెప్పాలంట. రోజూ నాతో కూర్చోని తినేటోళ్ళు. పొద్దున లేస్తానే ఆ లిస్టు తెరిచి, మళ్ళా మూసేస్తాండా. ఇంట్లో గూడా చెప్పలే."

మలుపు తిరిగాం. నేను అడగకుండా ఉండలేకపోయాను. "అక్కా, మొన్న నేనడిగింది ఇదే కదా? ఆ రూమ్‌లో ఎందుకు చెప్పలేదు?"

అక్క నవ్వింది. "ఆ రూమ్‌లో ఎవురు చెప్తారమ్మా! అప్రైజల్ చేసేది ఆ రూమ్‌లోనే. ఉద్యోగం తీసేసేటప్పుడు పిలిచేది గూడా ఆ రూముకే. ఆ కుర్చీలో కూర్చుంటానే నోరు దానంతటదే అట్ల మాట్లాడతాది. నువ్వు గూడా ఎదురుగ్గా కూర్చోని మొగం చూస్తాంటివి."

ఇంతా చేసి, మనుషుల భయం గురించి తెలుసుకోవడానికి నేను వాళ్ళను సరిగ్గా వాళ్ళు భయపడే గదికే పిలిచాను. నా తెలివికి నాకే దండం పెట్టాలనిపించింది. అక్కడే నిలబడి పడీ పడీ నవ్వాను. వెనక వస్తున్నవాళ్ళు మా పక్క నుంచి తప్పుకుని పోయారు.

చదువు మానేసే ప్రసక్తి మళ్ళీ రాలేదు. ఆ సాయంత్రమే మేడమ్ గదికి పరుగెత్తి, ఇకమీద అందరినీ పక్కన నడుస్తూనే అడుగుతానని చెప్పాను. విన్నారు.

"నడుసుకుంట ఇంటర్వ్యూనా? మనుషుల మీద రీసెర్చ్ అంటే ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలె కదా?"

"అడుగుత మేడమ్. పాతవన్నీ పారేసి మళ్ళ మొదలువెడ్త."

"పారేసుడెందుకు?" అన్నారు మేడమ్. మొదటిసారి ఆవిడ కళ్ళలో వెలుగు చూశాను. "రూమ్‌ల ఏం చెప్పిన్రు, బైట ఏం చెప్పిన్రు? అండ్ల ఫరక్ ఎంతుందో చూడు. గదే నీ థీసిస్. కమిటీ ఫికర్ నాకిడిచిపెట్టు."

కమిటీ ముందు నాకోసం ఆవిడే కూర్చున్నారు. ఏం మాట్లాడారో నాకు చెప్పలేదు. అనుమతి మాత్రం వచ్చింది.

ఆ తర్వాత నెలల తరబడి నేను నడిచాను. ముందుగా అడిగి, ఒప్పుకున్నవాళ్ళ కాలర్‌కి చిన్న మైకు తగిలించి, ఒక్కొక్కరి పక్కన నడిచాను. ఎండలో నడిచాను, ముసురులో ఒకే గొడుగు కింద నడిచాను. రికార్డింగుల నిండా హారన్లూ గాలీ. టైపు చేయడానికి ప్రాణం పోయేది. కానీ ఈసారి ఎవరి గొంతు వాళ్ళదే. ప్రాజెక్టు పోయినా ఇంట్లో చెప్పలేక రోజూ నవ్వుతూ బయల్దేరుతున్న మనిషి, తన పనిని తానే ఇంకొకరికి నేర్పి పంపించాల్సి వచ్చిన అమ్మాయి, పక్క సీటు అతన్ని తీసేస్తే "హమ్మయ్య, నేను కాదు" అనుకుని ఆ మాటకే తనను తాను క్షమించుకోలేకపోతున్న పెద్దాయన. అవకాశం గురించి చెప్పినాయన కూడా వచ్చాడు. ఈసారి సగం దారి దాకా ఫోన్ చూసుకుంటూ నడిచాడు, తర్వాత ఆపకుండా మాట్లాడాడు. నాకు చేతనైన సాయం ఒక్కటే, మధ్యలో అడ్డు రాకపోవడం. నాలాంటి వాగుడుకాయకు అదేమీ చిన్న పని కాదు.

ఒక సాయంత్రం మా ఆయన్ను కూడా కాలనీ రోడ్డు మీద నడకకు తీసుకెళ్ళాను. ఏం చెప్పాడో థీసిస్‌లో లేదు, ఇక్కడా ఉండదు. ఇద్దరం ఇంటికి వచ్చేసరికి అన్నం చల్లారిపోయింది, ఆయనే వేడి చేసి వడ్డించాడు.

థీసిస్ మొదట్లో కృతజ్ఞతల పేజీ ఉంటుంది. అసలు ఎవరికి చెప్పాలో వాళ్ళ పేర్లు అందులో రాయకూడదు, అది మా చదువు నియమం. వాళ్ళు నాకు డిగ్రీ కోసం చెప్పలేదు, నన్ను నమ్మి చెప్పారు. హైటెక్ సిటీలో దిగిన ప్రతిసారీ, ఆ బిల్డింగుల చుట్టూ నడుస్తున్నవాళ్ళను చూసి మనసులోనే దండం పెట్టుకుంటాను.

మేడమ్ రిటైరయ్యే వారంలోనే థీసిస్ బైండింగ్ చేయించి తీసుకెళ్ళాను. గది గుర్తు పట్టలేకపోయాను. బీరువాలు ఖాళీ, పుస్తకాలన్నీ అట్టపెట్టెల్లో, గోడ మీద కేలండర్ తీసిన చోట తెల్లటి మరక. మేడమ్ చదవాల్సినవన్నీ ముందే చదివారు కాబట్టి, సంతకం పెట్టాల్సిన చోట పెట్టి, పెన్ను పక్కన పెట్టారు. ఆ రోజు నల్ల పెన్ను.

"ఇగ అయిపాయె" అన్నారు.

నేను పులిహోర తీసుకెళ్ళాను. ఆ పెద్ద బల్ల మీదే, కాగితాలు లేని బల్ల మీద, ఇద్దరం తిన్నాం. చేతులు కడుక్కుని వచ్చి నేను సెలవు తీసుకోబోతుంటే మేడమ్ లేచి నిలబడ్డారు. మెడలోని యూనివర్సిటీ కార్డు తీసి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నారు.

"జర నడుద్దాం, వస్తవా?" అన్నారు.

డిపార్ట్‌మెంట్ చుట్టూ బయల్దేరాం. ఆవిడకు మోకాళ్ళ నొప్పి, అడుగు తీసి అడుగు వేస్తున్నారు. నేనూ నెమ్మదిగా నడిచాను, ముందుకే చూస్తూ. మలుపు తిరిగాం.

"సోమవారం నుంచి పొద్దుగాల లేచి ఏడికి పోవాల్నో నాకు తెల్వదమ్మా" అన్నారు మేడమ్. "ఇంట్ల ఎవలకు చెప్పలే. మస్తు భయమైతుంది."

ఆవిడ చెబుతూ పోయారు, నేను వింటూ నడిచాను. గది తలుపు దగ్గరికి తిరిగి వచ్చేసరికి ఆవిడ మాట ఇంకా సగంలోనే ఉంది.

"ఇంకో రౌండ్ వేద్దామా మేడమ్?" అన్నాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు.